ఇక్కడ రెండున్నాయి

సౌమ్యుడట. మితభాషి అట. ఎవరితోనూ మాట పట్టింపు లేని మనిషట.

మా పాత కంపెనీలో పనిచేసిన తెలుగువాళ్లం కొందరం నడుపుకునే ఈ-మెయిలు గ్రూపులో ఆయన చనిపోయిన కబురు ఇట్లా వచ్చింది. ప్రొద్దుటూరులో, తన ఇంట్లోనే, గుండెపోటుతో పోయాడు. కబురు రాసింది మా అప్పటి మేనేజరు. చదివి కంప్యూటరు ముందు నుంచి లేచి, జిద్దా ఆగస్టు ఎండలో వీధిలోకి వచ్చి నిలబడ్డాను. దుఃఖంతో కాదు. ఒళ్లు మండిపోయింది.

ఆయన సౌమ్యుడు కాడు. నోరు తెరిస్తే ఎవరో ఒకరికి తగిలేది. మాట పట్టింపు తప్ప వేరే ఆస్తి లేదాయనకు. బతికుండగా ఆయన్ని ఒక అబద్ధంతో ఇంటికి పంపిన మనిషే, పోయాక ఇంకో అబద్ధంతో సాగనంపుతున్నాడు. మొదటిదాంట్లో నాకూ వాటా ఉంది. అందుకని రెండోదానికి జవాబు నేనే రాయాలి. పేరు మాత్రం రాయను. ఆ సంతాపం మెయిల్లో పేరు పూర్తిగా, ముందు గౌరవ వాచకంతో సహా ఉంది. అక్కడే ఉండనివ్వండి. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం.

మాది భూమిని తవ్వకుండానే లోపల ఏముందో రాడార్‌తో చూసి చెప్పే కంపెనీ. కొత్త పైపులైను వేయాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా, కింద పాత పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో ముందు తెలియాలి కదా. దానికో నారింజ రంగు పెట్టె ఉంటుంది, చిన్న సూట్‌కేసంత. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ నడవాలి. పెట్టె అడుగు నుంచి రేడియో తరంగం నేలలోకి పోతుంది. పైపో, కేబులో, రాయో అడ్డం తగిలితే కొంత వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందన్నదాన్ని బట్టి ఎంత లోతులో ఉందో లెక్క కడతాం. పెట్టె ఈడ్చేది భాయ్. ఆయన తెచ్చిన రికార్డును జిద్దా ఆఫీసులో కూర్చుని కంప్యూటరు మీద బొమ్మగా చేసేది నేను. ఆయనకు అప్పటికి యాభై దాటాయి. కడప జిల్లాలో బోర్ల కోసం నీళ్ల సర్వేలు చేసి చేసి వచ్చిన మనిషి. నాకు ముప్పై. ఏలూరు నుంచి ఎమ్మెస్సీ పట్టా, ఎయిర్ కండిషన్ గది, తెలిసినవాణ్ణన్న పొగరు.

సైటుకు వెళ్లగానే భాయ్ మొదట చేసే పని, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకోవడం. చప్పరించి, పక్కకు ఊసి, తీర్పు చెప్పేవాడు.

"ఉప్పుండాది. ఈడ మిషను పెట్టినా ఒకటే, పెట్టకున్నా ఒకటే."

ఉప్పు నేల తరంగాన్ని మింగేస్తుంది. అది నిజమే. కానీ పైపులైను కాంట్రాక్టరు పక్కనే నిలబడి ఉండగా ఎవరైనా అట్లా అంటారా? భాయ్ అనేవాడు. మేనేజరు ఆ కాంట్రాక్టరుకు ఫోను చేసి, మా వాడికి కాస్త మతి చలించింది, ఇంకొకర్ని పంపుతాం అని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇంకొకరు లేరు. వారం తర్వాత మళ్లీ భాయే వెళ్లేవాడు, మళ్లీ మట్టి నాకేవాడు.

పెట్టెకు దూరం కొలిచే చక్రం ఉండేది. ఆయన దాన్ని నమ్మడు. ఇసుకలో చక్రం జారుతుందని మీటరుకొక ముడి వేసిన నైలాను తాడు తెచ్చుకునేవాడు. ఆ తాడు దాటుకుని ఎవరైనా నడిచారా, ఇంజనీరైనా సరే, బూతులు మొదలు. తల చుట్టూ తడి తువ్వాలు, కాళ్లకు హవాయి చెప్పులు. బూట్లు వేసుకోమంటే, "నేల సంగతి కాలికి తెలియాల గదప్పా" అనేవాడు. కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక గురువారం సాయంత్రం జిద్దాలోని షరఫియా బజారులో ఆయన చేసిన గొడవ మా వాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, కొత్తది చేయించుకోవడానికి అక్కడి ఫోటో స్టూడియోలో ఫోటో తీయించుకున్నాడు. ఇవ్వాళా రేపూ అందరూ చేస్తున్నట్టే ఆ మలయాళీ కుర్రవాడు కంప్యూటరులో కాస్త మెరుగులు దిద్ది ఇచ్చాడు. భాయ్ ఎడమ చెంప మీద పెద్ద నల్ల మచ్చ. ఫోటోలో అది లేదు.

"నా మచ్చ యాడ పోయింది?"

"అంకుల్, అచ్ఛా లగ్ తా హై."

"నా మచ్చ తీసేదానికి నువ్వెవరు రా? ఎవరడిగినారు నిన్ను?"

తెలుగు అర్థం కాకపోయినా ఆ కుర్రవాడు గోడ దాకా వెనక్కి జరిగాడు. భాయ్ ఆ ఫోటోలు ముక్కలు చేసి, వాటిని టేబుల్ మీదే పెట్టి, మళ్లీ తీయించుకుని, మచ్చతో సహా పట్టుకొచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను.

నా బొమ్మల విషయంలోనూ ఆయనది ఇదే వరస. రాడార్ రికార్డు ఉన్నదున్నట్టు చూస్తే అందంగా ఉండదు. చుట్టుపక్కల సెల్ టవర్లు, జనరేటర్లు, కరెంటు తీగలు అన్నీ అందులోకి దూరి గీతలు గీతలుగా, గింజలు గింజలుగా ఉంటుంది. ఆ రొదను తీసేయడానికి ఫిల్టర్లుంటాయి. నేను వాటిలో ఆరితేరాను. నా చేతి నుంచి పోయిన బొమ్మ అద్దంలా ఉండేది. లోతును బట్టి నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులు కూడా వేసేవాణ్ణి. క్లయింట్లు మెచ్చుకునేవాళ్లు. మేనేజరు నా బొమ్మలు కొన్నింటికి ఫ్రేము కట్టించి మీటింగు గదిలో పెట్టాడు. భాయ్ ఒకసారి ఆ గదిలోకి వచ్చి వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది నేను తెచ్చిందేనా?"

"మీరు తెచ్చిందే భాయ్."

"గుర్తుపట్టలేకుండా చేసినావే."

అది మెచ్చుకోలనుకున్నాను. కాదని ఆ మధ్యాహ్నమే తెలిసింది. నా చెయ్యి పట్టుకుని బరబరా బయటికి లాక్కుపోయాడు. మా యార్డు జిద్దా శివార్లలో, చుట్టూ ఖాళీ నేల. ఎదురుగా దూరంగా ఒక గోడౌను. దాని వెనకాల కొంచెం పక్కకు, ఇంకా దూరంగా, రెండో గోడౌను. పరంజా చెక్కలు రెండు తీసుకుని ఒకదాన్నొకటి ఠప్పున కొట్టాడు.

"ఎన్ని బదుళ్లు వచ్చినాయి?"

విన్నాను. ఠప్, వెంటనే ఇంకో ఠప్.

"రెండు."

"ఇప్పుడు విను." నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "ఊఊఊ" అని పొడుగ్గా అరిచాడు. గోడల నుంచి ఒకటే ఊ తిరిగొచ్చింది. ముద్దలా.

"ఇప్పుడెన్ని?"

"ఒకటే."

"గోడౌన్లు ఎన్నుండాయి రా కళ్లకు?"

ఇది నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ చెవులతో వినడం అదే మొదలు. ఆయన చెక్కలు కింద పడేసి, రొప్పుతూ చెప్పాడు.

"ఠప్‌లో అన్ని రకాల సద్దులుంటాయప్పా. లావుదీ ఉంటాది, సన్నందీ ఉంటాది. ఎన్ని రకాలు కలిస్తే సద్దు అంత పొట్టిగా తెగుతాది. పొట్టిగా తెగితేనే ఈ బదులు ఎవరిదో ఆ బదులు ఎవరిదో ఎరుక. ఊలో ఉండేది ఒకటే రకం. అది సాగుతాది. ఒకదాని మింద ఒకటి పడి రెండు గోడలూ ఒకటే గోడ అయితాది. ఆ రకాల వెడల్పే గదా మీ ఇంగ్లీషు బ్యాండ్‌విడ్త్? నా పెట్టె ఠప్ అంటాండాది. నువ్వు రొద, రొద అని పైనా కిందా కోసి పారేసి నడుమ ముక్క పెట్టుకుంటాండావు. నా ఠప్పును తీస్కపోయి ఊ చేస్తాండావు."

ఇంతకంటే సరిగ్గా ఏ ప్రొఫెసరూ నాకు చెప్పలేదు. మేం వాడే పెట్టె పూర్తి వెడల్పుతో పనిచేస్తే, పొడి ఇసుకలో ఒకదాని కింద ఒకటి జానెడు దూరంలో ఉన్న వస్తువుల్ని కూడా విడివిడిగా చూపిస్తుంది. నా ఫిల్టరు దానిలో నాలుగో వంతు మాత్రమే మిగిల్చేది. అప్పుడు రెండు మూరల లోపు ఎడం ఉన్నవన్నీ ఒకటిగా అతుక్కుపోతాయి. లెక్క నాకు తెలుసు. తెలిసే చేసేవాణ్ణి, ఎందుకంటే నునుపైన బొమ్మకు పేరొచ్చేది. భాయ్ తరచూ అనే మాట ఒకటుండేది, "ఒక బదులు వచ్చినంత మాత్రాన వస్తువు ఒకటని కాదు." దాన్ని ఆఫీసులో మేం వెక్కిరింపుగా వాడుకునేవాళ్లం. క్యాంటీన్లో ఒకే సమోసా ఇస్తే, ఒకటని కాదు అనేవాళ్లం.

ఇక ఉనైజా సంగతి.

జిద్దాకు చాలా దూరాన ఉన్న ఉనైజా ఊరి ఖర్జూరపు తోటల మధ్య కొత్త నీళ్ల పైపు వేయడానికి దారి పొడుగునా సర్వే చేసే పని మాకొచ్చింది. భాయ్ మూడు వారాలు అక్కడే ఉన్నాడు. కందకం తవ్వే బృందంలో గంగారాం అని జగిత్యాల వైపు మనిషి ఉండేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. జేసీబీ తవ్వుతుంటే పక్కన నిలబడి చేత్తో సైగలు చేయడం, అవసరమైతే దిగి పారతో సరిచేయడం అతని పని. అతని అన్న మల్లయ్య అక్కడికి దగ్గర్లోనే ఒక తోటలో పనిచేసేవాడు. గంగారాం ఒక్కడే భాయ్ తిట్లకు నవ్వేవాడు. ఒకరోజు తనూ మట్టి నోట్లో వేసుకుని, "భాయ్, మా ఊరి మట్టే మంచిగుంటది" అన్నాడట. ఈ ముచ్చట భాయే ఫోనులో నాకు చెప్పాడు. ఆయన ఫోనులో నవ్వడం నేను విన్నది అప్పుడొక్కసారే.

ఆయన పంపిన కాగితాల్లో, ఒక తోట గేటు ఎదుట తీసిన రికార్డు పక్కన పెన్సిలుతో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో హ్యాండ్ డిగ్ అని, కింద నాకోసం తెలుగులో: "ఇక్కడ రెండున్నాయి. పైనది కేబులని అనుమానం. చేత్తో తవ్వాల."

నేను ఆ రికార్డు తెరిచాను. ఒకటే గింజలు. తోటల మోటార్ల రొద. ఫిల్టరు వేశాను. నేలలో వస్తువేదైనా రికార్డులో వంపుగా కనిపిస్తుంది; చక్కగా ఒకటే వంపు తేలింది, పాత ఇనుప పైపు లోతులో. నాకు కనిపించింది ఒకటి. ఆయన రాసింది రెండు. బొమ్మను నమ్మాను.

అయినా కాగితం తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను. అది నా మంచితనంగా చెప్పుకోవడం లేదు. వెళ్లాను, అంతే.

"భాయ్ ఇక్కడ చేత్తో తవ్వమంటున్నారు సార్."

"ఆయన ఎక్కడ తవ్వమనలేదండీ? ముప్పై చోట్లుంటే పదకొండు చోట్ల హ్యాండ్ డిగ్ అని రాశాడు. క్లయింటు నా ప్రాణం తీస్తున్నాడు. మీ బొమ్మలో ఎన్నున్నాయి?"

"ఒకటే కనిపిస్తోంది."

"మరింకేంటి? రిమార్కు తీసేయండి."

తీసేశాను. రిపోర్టులో ఆ వాక్యం చెరపడానికి నాకు పట్టిన సమయం ఒక క్షణం.

పాత ఇనుప పైపు ఉన్న మాట నిజమే. దానికి మూరెడు పైన, ఏ పటంలోనూ లేని కరెంటు కేబులు కూడా ఉంది. ఎవరో ఎప్పుడో పైపు వెంబడే కందకం తవ్వి పరిచి, మీద హెచ్చరిక పలకలైనా పెట్టకుండా పూడ్చేశారు. మా రిపోర్టు చూసి జేసీబీ ధైర్యంగా తవ్వింది. మధ్యాహ్నం భోజనాలకు ముందు బకెట్టు పళ్లు కేబుల్లోకి దిగాయి. గంగారాం అంచునే ఉన్నాడు. మంట అతన్ని ముఖం నుంచి నడుము దాకా కాల్చింది. మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు.

ఆ కబురు విన్న రోజు నేను ఆఫీసు తలుపు వేసుకుని ఫిల్టరు తీసేసి ఆ రికార్డు చూశాను. గింజల మధ్య, వెతికితే, రెండు వంపులు. ఒకదాని కింద ఒకటి. కళ్లున్నవాడికి కనపడతాయి. భాయ్ ఎండలో, అరచేతి వెడల్పు తెర మీద, తల మీద తువ్వాలు కప్పుకుని చూసి చెప్పాడు. నేను చల్లటి గదిలో చెరిపేశాను. ఎందుకో తెలియదు, భయమో మరేదో, ఆ ఫైలును ఒక సీడీ మీదికి ఎక్కించి సంచిలో పడేసుకున్నాను.

విచారణకు ఉనైజా బలదియా నుంచి, అంటే అక్కడి మున్సిపాలిటీ నుంచి, పిలుపొచ్చింది. ముందు రోజు కారులో మేనేజరు నాతో మెల్లగా, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు.

"వచ్చే నెలే కదండీ మీ ఆవిడా, పాపా రావడం? వీసా స్టాంపింగ్ అయిందా?"

"ఇంకా లేదు సార్."

"అయిపోద్ది. ఖఫీల్ సంతకం ఒకటేగా, మన స్పాన్సరుదేగా, నేను చూసుకుంటాను. రేపు వాళ్లు ఒరిజినల్ ఫైలు అడిగితే ఓవర్‌రైట్ అయిపోయిందని చెప్పండి. అబద్ధం కూడా కాదులెండి. రేపు పొద్దున్నకి అదే నిజమవుద్ది."

ఆ సాయంత్రమే ఆఫీసు కంప్యూటర్లో ఆ ఫైలు లేకుండా పోయింది.

బలదియా ఇంజనీరు నా వయసువాడే. మడమల దాకా తెల్లటి తోబ్, సన్నటి కళ్లద్దాలు. మంచివాడు. నిజంగా తెలుసుకోవాలనుకున్నాడు. ఇంగ్లీషులో అడిగాడు, భాయ్ సగం ఉర్దూ సగం ఇంగ్లీషు, మధ్యలో నాలుగు అరబ్బీ ముక్కలతో చెప్పాడు. తను ఏం చూశాడో, ఏం రాశాడో చెప్పాడు. ఫీల్డు కాగితం ఏదని అడిగితే, అది పోస్టులో పోయిందని మేనేజరు అన్నాడు. అప్పుడు భాయ్ నావైపు వేలు చూపించాడు.

"ఆ పిల్లోణ్ణి రికార్డు తెరవమను సార్. ఫిల్టరు తీసి తెరవమను. రెండు లేకపోతే నన్ను జైల్లో పెట్టు."

ఇంజనీరు నావైపు తిరిగాడు. "అసలు ఫైలు ఉందా?"

"ఓవర్‌రైట్ అయింది."

"కాపీ?"

సంచి నా కాళ్ల దగ్గరే ఉంది. సీడీ అందులోనే ఉంది. పిక్కకు దాని అంచు తగులుతోంది.

"లేదు" అన్నాను.

ఇంజనీరు నన్ను ఒక నిమిషం చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది, కానీ ఆయన చేతిలోనూ ఏమీ లేదు. ఒక మచ్చ కోసం స్టూడియో పైకప్పు లేచిపోయేలా అరిచిన మనిషి, అప్పుడు అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. భాయ్ కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఇంజనీరుతో, "నేను చెప్పేది అయిపోయింది సార్" అన్నాడు. నావైపు చూడలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను తిట్టలేదు. ప్రపంచంలో ఆయన తిట్టని మనిషిని నేనొక్కణ్ణే అయ్యాను.

తీర్పు ఇట్లా తేలింది. సర్వే చేసినవాడు కేబులును గుర్తించలేకపోయాడు. కార్మికుడు హెచ్చరికను లెక్కచేయకుండా ప్రమాద స్థలంలో నిలబడ్డాడు. కంపెనీ తప్పేమీ లేదు. చచ్చినవాడిదీ, మట్టి నాకేవాడిదీ తప్పు. తప్పంతా నోరు లేనివాడి మీదా, నోరు మంచిది కాదని పేరున్నవాడి మీదా పంచేశారు.

భాయ్ ఇకామా లాక్కున్నారు. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. కాగితాలయ్యే దాకా రెండున్నర నెలలు కార్మికుల క్యాంపులో కూర్చోబెట్టారు. నేను ఒక్కసారీ అటు వెళ్లలేదు. నా భార్యా, పాపా వచ్చారు. షరఫియాలో పాపకు ఎర్ర గౌను కొన్నాను. మేనేజరు నాకు ప్రమోషన్ ఇచ్చాడు. తీసుకున్నాను.

మరుసటి ఏడు ఒకసారి ధైర్యం చేసి ప్రొద్దుటూరుకు ఫోను చేశాను. ఆయనే ఎత్తాడు. క్షమాపణ చెప్పుకోవాలని ముందే వాక్యాలు తయారు చేసుకున్నాను. మొదలుపెట్టనివ్వలేదు.

"రికార్డు ఉండాదా నీ కాడ?"

ఆయనకు సీడీ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

"ఉంది భాయ్. సీడీలో ఉంది."

"ఎవరికి చూపిచ్చినావు?"

"ఎవరికీ లేదు."

"మరి నాకెందుకు చేసినావప్పా ఫోను? ఆడ రెండుండాయని నాకు తెల్లా?"

పెట్టేశాడు. నేను మళ్లీ చేయలేదు. సీడీని బట్టల బీరువాలో చీరల కింద పెట్టాను. నాలుగేళ్లు అక్కడే ఉంది. నేను కంపెనీ మారాను, మేనేజరు వేరే దేశం పోయాడు, ప్రపంచం సుఖంగా నడిచింది. ఇప్పుడు ఆయన పోయాడు. సౌమ్యుడట.

మెయిలు చదివిన రాత్రి నిద్ర పట్టలేదని, పశ్చాత్తాపపడ్డానని రాస్తే అది కూడా మెరుగులు దిద్దడమే. నేను బాగానే నిద్రపోయాను. పొద్దున్న లేచాక మాత్రం సీడీ తీశాను. పూర్తి వెడల్పుతో, ఫిల్టరు లేకుండా, రంగులు లేకుండా బూడిద బొమ్మ ఒకటి ప్రింటు తీశాను. శుక్రవారం నాటికి ఉనైజా చేరేట్టు బయలుదేరాను.

ఖర్జూరం కోత కాలం. ఉదయపు మార్కెట్టు నిండా పికప్ బళ్లు, వాటి వెనకాల పండ్ల డబ్బాలు, వేలం పాటల అరుపులు. మల్లయ్య ఏ తోటలో ఉన్నాడో తెలుసుకోవడానికి పెద్ద కష్టపడలేదు. జగిత్యాల వాళ్లు నలుగురు ఒకచోట కూర్చుని టీ తాగుతుంటే అడిగాను, వేలు పెట్టి చూపించారు. యాభై దగ్గర పడుతున్న మనిషి, సన్నగా, బండి మీద నుంచి డబ్బాలు దించుతున్నాడు.

"మీరేనా గంగారాం అన్నగారు?"

"అవ్. నువ్వెవలు?"

పేరు చెప్పాను. ఆయన చేతిలోని డబ్బాను మెల్లగా కింద పెట్టాడు.

"జిద్దాల బొమ్మ జేసినాయన్వి నువ్వేనా?"

"నా పేరు మీకెట్లా తెలుసు?" అన్నాను.

"కడప సాయెబు జెప్పిండు." మల్లయ్య బండికి ఆనుకున్నాడు. "తమ్ముడు వోయిన రెండు నెల్లకు ఈడికొచ్చిండు. ఇకామా లేదు, ఏం లేదు. తొవ్వల పోలీసోళ్లు పడితే సీదా జైలుకే. లారీలు మారుకుంట వచ్చిండట. నీ తమ్మునిది తప్పు లేదు అన్నడు. మరి కాయితం సూపియ్యి అన్న. లేదన్నడు. నేను నమ్మలే. మిషిను గుంజినోనివి నువ్వే, సంపినోనివి నువ్వేనని తిట్టిన. మెడవట్టి నూకిన. కింద వడ్డడు."

"ఆయనేమన్నారు?"

"తిరిగి నన్నే తిట్టిండు. తల్వకాయ లేదా నీకు, ఇనమంటే ఇనవా అని. తిట్టుకుంటనే లేసిండు. లేసి, నీ పేరు జెప్పిండు. రెండు సార్లు నాతోని అనిపిచ్చిండు. బొమ్మ జేసినోడు వాడే, మాయ జేసినోడు వాడే, గని వాడు పారేసేటోడు కాదు, దాసుకునేటోడు. ఎన్నటికన్న కాయితం వట్టుకోని ఈడికొస్తడు, గప్పుడు నమ్ముతవ్ అన్నడు. ఆయన మంచిగున్నడా?"

"పోయారు. పోయిన వారం."

మల్లయ్య చెయ్యి చాపాడు. ప్రింటు ఇచ్చాను. మోకాళ్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆ గింజల్లో ఆయనకు ఏమీ కనిపించదేమో, చూపించాలేమో అని వంగాను. అక్కర్లేకపోయింది. నల్లబడిన చూపుడు వేలు మొదట పై వంపు మీద, తర్వాత కింది వంపు మీద ఆగింది.

"గిదొకటి. గిదొకటి."

"అవును."

"సాయెబుకు గిది అప్పుడే కనవడ్డదా?"

"కనపడింది. చేత్తో తవ్వమని రాశారు. నేను తీసేశాను."

కొడతాడనుకున్నాను. సిద్ధంగానే ఉన్నాను. మల్లయ్య కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టి జేబులో పెట్టుకుని, సెల్ ఫోను తీశాడు.

"అయిదేండ్ల సంది మా మరదలితోని ఏమన్ననో ఎరికేనా? నీ మొగడు నిలవడొద్దన్న తాన నిలవడ్డడు, సచ్చిండు అన్న. కంపెనోళ్లు చెప్పిందే చెప్పిన. ఆమె ఒక్కదినం నమ్మలే."

నంబరు కలిపాడు. అవతల ఎత్తే దాకా నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఆఁ, నేనే. ఆ కాయితమాయన వచ్చిండు. అవ్, సాయెబు జెప్పినాయనే. తెచ్చిండు. రెండున్నయ్. నా కండ్లతోని సూసిన." చాలాసేపు విన్నాడు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఇన్నేండ్లు ఏం జేసినవని అడుగుతాంది. నాకేం దెల్సు. నువ్వే చెప్పు."